లీటరుకి ఎంతిస్తుంది? రెక్కల బండి లెక్క

బండి కొన్న మర్నాటి నుంచే వినిపించే ప్రశ్న "లీటరుకి ఎంతిస్తోంది?" చిన్న విమానం నడిపే పైలట్‌ను ఇదే మాట అడిగి చూడండి, వెంటనే జవాబు రాదు. ఆయన నోటికి వచ్చే లెక్క గంటకు ఎన్ని గ్యాలన్లు అన్నది. ట్యాంకులో ఉన్నది ఎంతసేపు గాల్లో ఉంచుతుందన్నదే ఆయన ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఎంత దూరం తీసుకెళుతుందన్నది ఆ రోజు వీచే గాలి చేతిలో ఉంటుంది. గంటకు 230 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 40 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద మిగిలే వేగం 190. అదే గంట, అదే ఇంధనం, దూరంలో మాత్రం ఆరో వంతు కోత. ఎదురుగాలికి కారు కూడా కాస్త ఎక్కువ తాగుతుంది గానీ, దాని చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి కాబట్టి గాలి దాన్ని వెనక్కి మోసుకుపోదు.

అయినా లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు సెస్నా 172నే తీసుకుందాం. 1956లో వచ్చిన ఈ నాలుగు సీట్ల విమానం ఇప్పటికి 44,000కు పైగా తయారైంది. ప్రపంచంలో మరే విమానమూ అన్ని తయారు కాలేదు. మన బేగంపేట విమానాశ్రయంలో పైలట్ శిక్షణ పొందినవాళ్లకు సెస్నా పేరు కొత్త కాదు. తర్వాతి రకమైన 172ఎస్‌లో లైకమింగ్ కంపెనీ ఐఓ-360 ఇంజన్ ఉంటుంది. ఎదురెదురుగా పడుకోబెట్టిన నాలుగు సిలిండర్లు, 5.9 లీటర్ల సామర్థ్యం, 180 హార్స్‌పవర్. 8,500 అడుగుల ఎత్తులో, ఉన్న శక్తిలో 75 శాతం వాడుకుంటూ పోతే 124 నాట్ల వేగం వస్తుంది. మన కొలతల్లో గంటకు 230 కిలోమీటర్లు. తాగేది గంటకు దాదాపు 10 అమెరికన్ గ్యాలన్లు, అంటే 38 లీటర్లు. భాగిస్తే లీటరుకు ఆరు కిలోమీటర్లు.

హైవే మీద గంటకు 90లో నిలకడగా పోయే చిన్న పెట్రోలు కారు 18 ఇస్తుంది. మూడు రెట్ల తేడా. ఇది చూడగానే ఎవరైనా ఇంజన్‌నే అనుమానిస్తారు. అనుమానానికి ఆధారమూ ఉంది. ఈ ఇంజన్ల మూల నమూనా 1950ల నాటిది. 1.2 లీటర్ల కారు ఇంజన్ 80 హార్స్‌పవర్ దాటి ఇస్తున్న రోజుల్లో 5.9 లీటర్లు పెట్టుకుని 180 ఇవ్వడమేమిటని కార్ల ఇంజనీరు నవ్వుతాడు. పాత ఇంజన్, అందుకే తాగుతోంది అని తేల్చేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ ఆ తీర్పు తప్పు.

ఇంజన్ లెక్క వేరు, బండి లెక్క వేరు

మైలేజీ బండికి సంబంధించిన కొలత. అందులో ఇంజన్ వాటా ఎంతో, బరువు, ఆకారం, వేగం వాటా ఎంతో కలిసిపోయి ఉంటాయి. ఇంజన్‌ను విడిగా తూచాలంటే అడగవలసింది ఇంకోటి: ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి ఎన్ని గ్రాముల పెట్రోలు తీసుకుంది?

సెస్నాను తూద్దాం. విమాన పెట్రోలు లీటరు 720 గ్రాములు తూగుతుంది కాబట్టి గంటకు 38 లీటర్లంటే 27 కిలోల పైచిలుకు. 180 హార్స్‌పవర్‌లో 75 శాతం అంటే సుమారు 100 కిలోవాట్లు. కిలోవాట్ గంటకు దాదాపు 270 గ్రాములు పడిందన్నమాట. పెట్రోలులో దాగిన వేడిని బట్టి చూస్తే, అందులో 30 శాతం ప్రొపెల్లర్ ఇరుసును తిప్పే పనిగా మారుతోంది.

ఇక కారు. టన్ను, టన్నుంబావు బరువున్న చిన్న కారును 90లో నడపడానికి గాలి అడ్డునూ, టైర్ల రాపిడినీ కలుపుకుని సుమారు 9 కిలోవాట్లు చాలు. అంటే పన్నెండు, పదమూడు హార్స్‌పవర్. లీటరుకు 18 అంటే గంటకు 5 లీటర్లు, బరువులో 3.7 కిలోలు. భాగించి చూడండి: కిలోవాట్ గంటకు 400 గ్రాములు. సామర్థ్యం 21 శాతం దగ్గర తేలుతుంది.

ఎలక్ట్రానిక్ కంట్రోళ్లు, సిలిండరుకు నాలుగు వాల్వులు, కంప్యూటర్లో గీసిన దహన గదులు ఉన్న కారు ఇంజన్ 21 దగ్గర ఆగింది. తాతల నాటి మాగ్నెటోతో నిప్పురవ్వ పుట్టించుకునే విమానం ఇంజన్ 30 తెచ్చుకుంది.

కారు ఇంజన్ చెడ్డదని దీని అర్థం కాదు. సరైన బరువు పెట్టి, సరైన వేగంలో తిప్పితే అది కూడా 35 శాతం దాకా ఇస్తుంది. టయోటా ప్రియస్ హైబ్రిడ్ ఇంజన్ 40 శాతం అందుకుంది. కష్టమల్లా మనం దానికి చెప్పే పనిలో ఉంది. ఓవర్‌టేక్ చేయడానికీ, ఘాట్ రోడ్డెక్కడానికీ 85 హార్స్‌పవర్ కొనుక్కుంటాం. రోజంతా వాడేది పన్నెండే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, ఆ పన్నెండు కోసం నాలుగు పిస్టన్లూ కదలాలి, ఆయిల్ పంపు తిరగాలి, అన్ని బేరింగులూ రాపిడి పన్ను కట్టాలి. దీనికి తోడు పెట్రోలు ఇంజన్ శక్తిని తగ్గించే పద్ధతే విచిత్రంగా ఉంటుంది. థ్రాటిల్ తలుపు మూసి గాలి రాకుండా చేస్తుంది. కొబ్బరిబోండాంలో పెట్టిన స్ట్రాను సగం నొక్కిపట్టి పీల్చినట్టు, పిస్టన్ ప్రతి పీల్పుకూ తన శక్తిలోనే కొంత ఖర్చు పెట్టుకోవలసి వస్తుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో కారు మైలేజీ కుప్పకూలడానికి మాటిమాటికీ వేసే బ్రేకులు ఒక కారణమైతే, ఇది రెండోది.

విమానం ఇంజన్‌కు ఈ బాధ తక్కువ. టేకాఫ్‌కు నూరు శాతం, ఆ తర్వాత గంటల తరబడి డెబ్బై, డెబ్బై ఐదు. ఎనిమిది వేల అడుగుల పైన గాలి ఎలాగూ పల్చబడి ఉంటుంది కాబట్టి థ్రాటిల్ దాదాపు పూర్తిగా తెరిచినా వచ్చేది ఆ 75 శాతమే. నొక్కిన స్ట్రా ఉండదు. పైగా అది తిరిగే వేగం కూడా తక్కువ. నిమిషానికి 2,700 చుట్లు దాటదు. దాటనివ్వరు కూడా, ఎందుకంటే ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. 76 అంగుళాల ప్రొపెల్లర్ 2,700 చుట్లు తిరిగేటప్పుడు దాని కొస సెకనుకు 270 మీటర్ల వేగంతో పోతుంటుంది. ఇంకా పెంచితే ధ్వని వేగం దగ్గరపడి, చప్పుడు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. కార్ల ఇంజనీరు నవ్విన 5.9 లీటర్ల పొట్ట రహస్యం ఇదే. నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ శక్తి ఇవ్వాలంటే పెద్ద సిలిండర్లు కావాలి. నెమ్మదిగా తిరిగితే రాపిడి తక్కువ.

ఎర్ర నాబ్

సెస్నా ప్యానెల్ మీద నల్లటి థ్రాటిల్ నాబ్ పక్కనే ఎర్రది ఒకటి ఉంటుంది. దాన్ని మిక్స్చర్ అంటారు. ఇంజన్‌లోకి వెళ్లే గాలికి ఎంత పెట్రోలు కలపాలో పైలట్ చేత్తో నిర్ణయించేది దీంతోనే. పెట్రోలు పూర్తిగా మండాలంటే కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. టేకాఫ్‌లో ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి ఉంటుంది, కాబట్టి మండగలిగిన దానికన్నా చాలా ఎక్కువ పెట్రోలు సిలిండర్లలోకి పోతుంది. ఆ అదనపు పెట్రోలు ఆవిరవుతూ, మంట వేడిని తగ్గిస్తూ సిలిండర్లను కాపాడుతుంది. ఈ ఇంజన్‌కు నీళ్ల రేడియేటర్ లేదు, గాలే చల్లార్చాలి. ఎక్కుతున్నప్పుడేమో వేగం తక్కువ, గాలి సరిగా తగలదు. అంచేత పెట్రోలు పోసి చల్లబరుస్తారు. ఖరీదైన నీళ్లు!

పైకి వెళ్లి నిలకడ పడ్డాక అసలు పని మొదలవుతుంది. నాబ్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ బయటికి తీస్తుంటే పొగగొట్టం ఉష్ణోగ్రత చూపే ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. ఒకచోట ఆగి, కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఆ శిఖరం తెలిశాక నాబ్‌ను వెనక్కి తిప్పి, ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గేదాకా మళ్లీ పెట్రోలు కలుపుతారు. పొదుపు కావాలనుకునేవాళ్లు శిఖరం దగ్గరే వదిలేస్తారు. ఒకటి రెండు నాట్లు పోతాయి, పెట్రోలు మిగులుతుంది. ఇంకా లాగితే ఇంజన్ గరగరమంటూ వణుకుతుంది, ఇక చాలని చెబుతున్నట్టు. మీ కారులో ఈ పనంతా పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు, కంప్యూటరు కలిసి సెకనుకు ఎన్నోసార్లు చేసిపెడుతుంటాయి. విమానంలో ఇప్పటికీ ఇది బొటనవేలు, చూపుడువేలు చేసే పని. బద్ధకించిన పైలట్ చేతిలో ఇదే సెస్నా గంటకు రెండు మూడు గ్యాలన్లు అదనంగా తాగేస్తుంది.

ఈ విద్య ఎంత విలువైనదో 1944లో న్యూగినీలోని అమెరికన్ యుద్ధ పైలట్లు తెలుసుకున్నారు. వాళ్లకు పాఠం చెప్పింది చార్లెస్ లిండ్‌బర్గ్. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన మనిషి, ఈసారి పౌరుడి హోదాలో అక్కడికి వచ్చాడు. పి-38 లైట్నింగ్ విమానాల్లో అందరితో పాటే వెళ్లి వస్తుండేవాడు. అందరి ట్యాంకులూ అడుగంటితే ఆయన ట్యాంకులో చెప్పుకోదగ్గ పెట్రోలు మిగిలి ఉండటం గ్రౌండ్ సిబ్బంది గమనించారు. కిటుకు ఇది: ఇంజన్ వేగం నిమిషానికి 1,600 చుట్లకు తగ్గించు, సిలిండర్లలోకి గాలి ఒత్తిడి పెంచు, మిశ్రమాన్ని పల్చన చెయ్యి. ఇలా చేస్తే ఇంజన్ పాడవుతుందని పైలట్లకు నేర్పి ఉన్నారు. లిండ్‌బర్గ్ విమానాల ఇంజన్లు విప్పి చూస్తే ఏమీ కాలేదు. అప్పటివరకు అందని లక్ష్యాలు ఆ విమానాలకు అందుబాటులోకి వచ్చాయి. ఇంజన్ మారలేదు, విమానం మారలేదు, నాబ్‌ల మీద చేతులు మారాయి. నెమ్మదిగా తిప్పి బరువు ఎక్కువ పెట్టు అన్న ఈ సూత్రాన్నే నేటి కార్లలో చిన్న టర్బో ఇంజన్లు, పెద్ద గేర్ల రూపంలో అమ్ముతున్నారు.

దోషి వేగమే

ఇంజన్ నిర్దోషి అయితే మూడు రెట్ల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలామంది చెప్పే జవాబు, గాల్లో తేలి ఉండటానికే బోలెడు ఇంధనం పోతుందని. వినడానికి సబబుగా ఉంటుంది గానీ, నిలకడగా పోయే దశలో, అంటే క్రూజ్‌లో, అది చిన్న ఖర్చే.

విమానానికి రెండు రకాల అడ్డు ఉంటుంది. శరీరం గాలిని చీల్చుకుపోవడం వల్ల వచ్చేది ఒకటి. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది. రెక్క గాలిని కిందికి తోసి బరువును మోయడం వల్ల వచ్చేది రెండోది. వేగం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది, ఎందుకంటే వేగంగా పోయే రెక్కకు ఎక్కువ గాలి అందుతుంది, అందులో ప్రతి కిలోనూ కొద్దిగా తోస్తే సరిపోతుంది. సెస్నా 172ఎస్‌లో 68 నాట్ల దగ్గర ఈ రెండూ సరిసమానం. ఇంజన్ ఆగిపోతే ఎక్కువ దూరం జారడానికి పైలట్లు పట్టుకునే వేగం అదే. 124 నాట్ల దగ్గరికి వచ్చేసరికి మోసే ఖర్చు చిన్న భాగమైపోతుంది, మిగతాదంతా గాలిని చీల్చే ఖర్చే.

అంటే పోలిక మొదట్లోనే వంకరగా పెట్టుకున్నాం. 90లో పోయే కారునూ 230లో పోయే విమానాన్నీ పక్కపక్కన నిలబెట్టాం. కారును కూడా 230లో నడిపిద్దాం. 90 దగ్గర దాన్ని ముందుకు నెట్టడానికి 38 కిలోల బలం చాలింది. 230 దగ్గర అది 180 కిలోలు దాటుతుంది, చక్రాల దగ్గర 150 హార్స్‌పవర్ పైన కావాలి. చిన్న కారుకు అంత శక్తే లేదు. అదే వేగంలో సెస్నాను ప్రొపెల్లర్ లాగే బలం సుమారు 125 నుంచి 130 కిలోలు. 11 మీటర్ల రెక్క, దాన్ని మోసే స్ట్రట్లు, కిందకు వేలాడే మూడు చక్రాలు, నలుగురు మనుషులు ఉన్న విమానం అదే వేగంలో కారు కన్నా తక్కువ అడ్డు ఎదుర్కొంటోంది! పైన గాలి పల్చన కాబట్టి ఇది అన్యాయపు పోలిక అంటారా? కారును కూడా ఆ పల్చటి గాలిలోనే ఊహించుకోండి. అప్పుడు కూడా అడ్డు 145 కిలోల దాకా ఉంటుంది.

నేల మీద వేగానికి కట్టే జరిమానా ఎంతో చూడాలంటే బుగాట్టి వేరాన్ ఉంది. 1,001 హార్స్‌పవర్, గంటకు 407 కిలోమీటర్లు. ఆ వేగంలో నిలకడగా నడిపితే వంద లీటర్ల ట్యాంకు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుందని చెబుతారు. అంటే లీటరుకు కిలోమీటరు కూడా రాదు.

1950లో ఇటలీ విమాన రూపశిల్పి జుసెప్పె గాబ్రియెల్లి, గాలి శాస్త్రంలో దిగ్గజమైన థియొడార్ వాన్ కార్మాన్ కలిసి ఇదే ప్రశ్నను పెద్దగా అడిగారు. మనిషి నడక దగ్గర్నుంచి ఓడలు, రైళ్లు, కార్లు, విమానాల దాకా అన్నిటినీ ఒకే గ్రాఫు మీద పెట్టి, టన్ను బరువుకు ఎంత శక్తి, ఏ వేగంలో అన్నది చూశారు. ఏ వాహనమూ దాటలేకపోయిన ఒక గీత ఆ గ్రాఫు కింద తేలింది. నెమ్మదిగా పోయేవాటిలో ఓడకు దగ్గరగా వచ్చేది లేదు. వేగం పెరిగేకొద్దీ ఒక దశ దాటాక నేల బళ్లు చేతులెత్తేస్తాయి, రెక్కలున్నవి ముందుకొస్తాయి.

మరి విమానాన్ని నెమ్మదిగా నడపొచ్చుగా? నడపొచ్చు. అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన బి. హెచ్. కార్సన్ 1980ల మొదట్లో ఒక చక్కని లెక్క చెప్పాడు. ఎక్కువ దూరం జారే వేగాన్ని 1.316తో గుణిస్తే, పెట్రోలు ఖర్చుకు తగ్గ వేగం గిట్టుబాటయ్యే బిందువు వస్తుంది. సెస్నాకు అది 90 నాట్లు, గంటకు 166 కిలోమీటర్లు. ఆ వేగంలో నడిపే పైలట్‌ను వెతికి పట్టుకోవాలి. ఎందుకంటే అద్దె విమానానికి డబ్బు గంటల లెక్కన కట్టాలి, ఇంజన్ ఓవర్‌హాల్ కూడా గంటల లెక్కనే (ఈ లైకమింగ్‌కు 2,000 గంటలు). పెట్రోలు ఆదా చేద్దామని నిదానిస్తే గంటలు పెరుగుతాయి. మైలేజీ అన్న మాట పైలట్ల నోట వినిపించకపోవడానికి గాలి ఒక కారణమైతే, బిల్లు రెండో కారణం.

వేగం తగ్గించకుండా అడ్డు తగ్గించడం ఇంకో దారి. 1977లో వచ్చిన మూనీ ఎం20జే దీనికి మంచి సాక్ష్యం. అందులోనూ లైకమింగ్ ఐఓ-360 కుటుంబం ఇంజనే, 200 హార్స్‌పవర్ రకం. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, స్ట్రట్లు లేవు, ఇంజన్‌లోకి చల్లగాలి దారులను బిగించి సరిచేశారు. గంటకు 40 లీటర్లు తాగుతూ 290 దాటిపోతుంది. లీటరుకు ఏడు పైన. దాదాపు అదే ఇంజన్, గంటకు అరవై కిలోమీటర్లు అదనం.

మనిషికి ఎంత, దారి ఎంత

విశాఖ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద 620 కిలోమీటర్ల చిల్లర. గీత గీస్తే 500. కారు 34 లీటర్లతో వచ్చేస్తుంది, తినడానికీ తాగడానికీ ఆగుతూ పదకొండు పన్నెండు గంటల్లో. సెస్నా ఎక్కడానికీ దిగడానికీ పట్టేది కలుపుకుని 85 లీటర్లు తాగి రెండున్నర గంటల్లో దిగుతుంది. మూడు రెట్ల తేడా రెండున్నరకు తగ్గింది. కొండలు, నదులు, అఖాతాలు చుట్టి పోవలసిన చోట ఇంకా తగ్గుతుంది.

మనుషుల లెక్కలో మాత్రం చిన్న విమానం పేదదే. ఇద్దరు కూర్చున్న వంద సీసీ మోటార్ సైకిల్ లీటరుకు 60 ఇస్తే, అది మనిషికి 120 కిలోమీటర్లు. ఈ పోటీలో దానికి ఎదురు నిలిచేది నిండుగా ఉన్న బస్సొకటే. సెస్నాలో నలుగురెక్కితే మనిషికి 24. ఆ నలుగురూ ఎక్కగలరా అన్నది కూడా అనుమానమే. 200 లీటర్ల ట్యాంకులు నింపాక మిగిలే బరువు పావు టన్ను. ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్ల సంచులు. నాలుగో సీటు చాలాసార్లు బ్రోచర్లోనే ఉంటుంది.

పాత ఇంజన్ ఎందుకు పోలేదు

30 శాతం మంచిదే గానీ 35, 40 ఎందుకు రాదు? అడ్డం పడుతున్నవి మూడు: గాలితో చల్లార్చడం, ఎర్ర నాబ్, కదలని నిప్పురవ్వ సమయం. కారు ఇంజన్ దారిలో ఆగితే పక్కకు తోసి ఫోన్ చేస్తాం. విమానానికి ఆ సౌకర్యం లేదు. అందుకే ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీతో సంబంధం లేని రెండు మాగ్నెటోలు. ఇందులో చిన్న మార్పు చేసినా మళ్లీ పరీక్షలు, మళ్లీ సర్టిఫికెట్లు. ఏడాదికి కొన్ని వేల ఇంజన్లు కూడా అమ్ముడుపోని వ్యాపారంలో ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. జర్మనీకి చెందిన తీలెర్ట్ కంపెనీ మెర్సిడెస్ ఏ-క్లాస్ డీజిల్ ఇంజన్‌ను తీసుకుని విమానానికి మలిచి 2002లో అనుమతి తెచ్చుకుంది. కిలోవాట్ గంటకు 220 గ్రాముల దగ్గర తాగే డీజిల్, పైగా జెట్ విమానాలు తాగే ఇంధనమే దీనికీ సరిపోతుంది. ఇంధనం ఆదా అయిన మాట నిజమే. కానీ గేర్‌బాక్సు 300 గంటలకొకసారి విప్పి పంపాలి, ఇంజన్‌నే వెయ్యి గంటలకు మార్చేయాలి. 2008లో కంపెనీ దివాలా తీసింది. ఆలోచన మాత్రం బతికింది. ఇప్పుడు డైమండ్ విమానాల్లో వస్తున్న ఆస్ట్రో డీజిల్ ఇంజన్‌కు మూలం కూడా మెర్సిడెస్ కారుదే.

ఇంకో దారి ఆస్ట్రియాలోని రోటాక్స్‌ది. 1.35 లీటర్లు, 100 హార్స్‌పవర్, బరువు 60 కిలోల చిల్లర. కారు ఇంజన్‌లాగే 5,800 చుట్లు తిరిగి, గేర్లతో ప్రొపెల్లర్‌ను నెమ్మదింపజేస్తుంది. సిలిండర్ తలలకు నీళ్లు, ఒంటికి గాలి. మామూలు పెట్రోలు పోసినా నడుస్తుంది. గంటకు 18, 20 లీటర్లు తాగే ఈ ఇంజన్‌ను నున్నటి రెండు సీట్ల విమానానికి బిగిస్తే 200 కిలోమీటర్ల వేగంలో లీటరుకు పది, పదకొండు రావడం వింతేమీ కాదు. బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధనాలయం, ఎన్‌ఏఎల్, తయారుచేసిన తర్వాతి హంసలకూ ఈ కుటుంబం ఇంజనే. 1993లో ఎగిరిన మొదటి హంసకు కాంటినెంటల్ కంపెనీ ఇంజన్ ఉండేది, 2021లో ఎగిరిన హంస-ఎన్‌జీకి రోటాక్స్ 912 ఐఎస్. ఎర్ర నాబ్ పని అందులో కంప్యూటరే చూసుకుంటుంది.

పాత ఇంజన్లు వదలని దురలవాటు ఇంకొకటి ఉంది, సీసం. పెద్ద బోరు, గాలితో చల్లారే సిలిండర్లలో పెట్రోలు ముందే పేలిపోకుండా అధిక ఆక్టేన్ కావాలి. అందుకు 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోల్లో లీటరుకు అర గ్రాము పైన సీసం కలపడానికి అనుమతి ఉంది. రెక్క కింద డ్రెయిన్ నుంచి చిన్న గ్లాసులోకి దించి వెలుతురుకు పెట్టి చూస్తే లేత నీలంగా కనిపిస్తుంది, గుర్తు పట్టడానికి వేసిన రంగు అది. మన రోడ్ల మీద సీసం పెట్రోలు 2000తో పోయింది. ఆకాశంలో పోలేదు. 2022లో ఇండియన్ ఆయిల్ ఈ ఇంధనాన్ని దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. దిగుమతి తగ్గడం సంతోషమే గానీ, పేరులోనే తక్కువ సీసం అని రాసుకున్న ఇంధనంలో ఇంత సీసం ఉండటం నా దృష్టిలో ఈ రంగం సిగ్గుపడవలసిన విషయం. మైలేజీ తక్కువ కావడం కన్నా పెద్ద లోపం.

మైలేజీ ఎంతదాకా లాగొచ్చో 1986 డిసెంబరులో తేలింది. బర్ట్ రూటాన్ గీసిన వాయేజర్ విమానంలో ఆయన అన్న డిక్ రూటాన్, జీనా యేగర్ ఎక్కడా ఆగకుండా, ఎక్కడా పెట్రోలు పోసుకోకుండా భూమిని చుట్టి వచ్చారు. 9 రోజుల 3 నిమిషాల 44 సెకన్లు, 40,212 కిలోమీటర్లు. అస్థిపంజరం లాంటి కార్బన్ ఫైబర్ ఒళ్లు 426 కిలోలే, ఎత్తుకున్న పెట్రోలు 3,180 కిలోలు. టేకాఫ్‌లో ఇంధనం బరువుకు వంగిన రెక్కల కొసలు రన్‌వే మీద రాసుకుపోయాయి. దిగేసరికి మిగిలింది 48 కిలోలు. లెక్క కడితే లీటరుకు తొమ్మిది పైన. ఎత్తుకున్నప్పుడు నాలుగున్నర టన్నుల బరువు, మైలేజీ మాత్రం ఇరుకు రోడ్డు మీద పోయే పెద్ద కారుది. వెనక ఇంజన్ 110 హార్స్‌పవర్, నీళ్లతో చల్లారే రకం. ముందు ఇంజన్‌ను దారిలో ఎక్కువసేపు ఆపేసి ఉంచారు. సగం బలంతో రెండు తిప్పేకన్నా నిండు బలంతో ఒకటి తిప్పడం లాభమని కారు దగ్గర చూసిందే ఇది.

ఇప్పుడు అందరి చూపూ బ్యాటరీ మీద ఉంది. స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ వారి వెలిస్ ఎలక్ట్రో 2020 జూన్‌లో యూరప్‌లో పూర్తి అనుమతి పొందింది, ప్రపంచంలో ఆ అనుమతి పొందిన మొదటి విద్యుత్ విమానం అదే. బ్యాటరీల్లో పట్టేది 24.8 యూనిట్లు, మూడు లీటర్ల పెట్రోలులో ఉండే శక్తి కన్నా తక్కువ. దానితోనే ఇద్దరిని యాభై నిమిషాలు గాల్లో ఉంచుతుంది. మోటారు సామర్థ్యం ముందు పైన మనం మెచ్చుకున్న 30 శాతం చిన్నబోతుంది. కానీ ఆ మూడు లీటర్ల పెట్రోలు రెండు కిలోల చిల్లర తూగితే, బ్యాటరీలు 140 కిలోలు తూగుతాయి. రన్‌వే చుట్టూ తిరుగుతూ నేర్చుకునే విద్యార్థికి ఇది చాలు. విశాఖలో ఎక్కి హైదరాబాదులో దిగాలనుకునేవాడికి ప్రస్తుతానికి నీలిరంగు పెట్రోలే గతి.